లోటస్ సెవెన్ రెప్లికాకి సైడ్ మిర్రర్లు: ఒక కేస్ స్టడీ

ఇంట్లో సొంతంగా కట్టుకున్న కారు నా దగ్గరికి వచ్చిందంటే ముందు సైడ్ మిర్రర్లు చూస్తాను. ఛాసిస్ వెల్డింగ్ మీద నెలలు పెట్టినవాళ్ళు, సస్పెన్షన్ కోణాల కోసం నోటు పుస్తకాలు నింపినవాళ్ళు కూడా మిర్రర్ దగ్గరికి వచ్చేసరికి ఫొటో చూసి, అలాంటిదే బజారులో వెతికి, ఖాళీ ఉన్నచోట బిగించేస్తారు. కంపెనీ కారులో డ్రైవర్ కన్ను ఎక్కడుంటుందో ముందు లెక్కేసి, ఆ తర్వాతే మిర్రర్ చోటు నిర్ణయిస్తారు. సొంతంగా కట్టేటప్పుడు ఆ వరస తలకిందులవుతుంది. ఈ కేసులో మేం చేసిన పనంతా ఆ వరసని సరిచేయడమే. దారిలో చాలా కొలతలు వచ్చాయి. ఇలాంటి బండి కట్టుకుంటున్న వాళ్ళకి పనికొస్తాయని అన్నీ రాస్తున్నాను.

బండి

ఇది లోటస్ సెవెన్ తరహా రెప్లికా. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన సెవెన్ హక్కులు 1973లో కేటర్‌హామ్ కంపెనీకి వెళ్ళాయి. ఆ రూపం ఇప్పటికీ నడుస్తోంది. ఇళ్ళలో కట్టుకునేవాళ్ళకి ఈ కారంటే ఇంత మోజు ఎందుకో బండి చూస్తే తెలిసిపోతుంది: చదరపు పైపుల ఫ్రేమ్, పెద్దగా వంపుల్లేని అల్యూమినియం రేకులు, ముక్కుకీ మడ్‌గార్డులకీ నాలుగైదు ఫైబర్ ముక్కలు. చేయి తిరిగిన మనిషికి ఇంటి షెడ్డు చాలు. బహదూర్‌పురాలోని సుధా కార్స్ మ్యూజియం చూసినవాళ్ళకి తెలుసు, చేత్తో బండి కట్టడం హైదరాబాద్‌కి కొత్త కాదు.

ఓనరు రిటైర్డ్ మెకానికల్ ఇంజనీరు, రామచంద్రాపురం వైపు ఉంటారు. ఇంజనూ గేర్‌బాక్సూ మారుతి జిప్సీ కింగ్‌వి, 1298 సీసీ, నాలుగు సిలిండర్లు. ఇంజన్ బండి పొడవునా కూర్చుంటుంది కాబట్టి, ట్రాన్స్‌ఫర్ కేస్ (శక్తిని ముందు, వెనక చక్రాలకి పంచే గేర్ పెట్టె) తీసేసి షాఫ్ట్‌ని నేరుగా వెనక ఆక్సిల్‌కి ఇవ్వొచ్చు. సెవెన్‌కి అలాంటిదే కావాలి. వెల్డింగులన్నీ ఆయనవే. నేను చాలామంది నిపుణుల పని చూశాను, ఈ ఫ్రేమ్ వాళ్ళ పక్కన నిలబడుతుంది.

చట్టం సంగతి ముందే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకి భిన్నంగా రిజిస్టరైన బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. ఇంట్లో కట్టిన కారుకి టైప్ అప్రూవల్, అంటే కంపెనీ మోడళ్ళకి పరీక్షించి ఇచ్చే ఆమోదం, ఉండదు. అందుకే ఈ బండి పబ్లిక్ రోడ్డు ఎక్కదు. శంకర్‌పల్లి దగ్గర ఆయన బంధువుల లేఅవుట్‌లోని ప్రైవేటు రోడ్ల మీద తిరుగుతుంది, ట్రాక్ డేకి వెళ్ళాలంటే ఫ్లాట్‌బెడ్ మీద వెళ్తుంది. అయినా మిర్రర్లకి రోడ్డు ప్రమాణాలే కొలబద్దగా పెట్టుకున్నాం. లేఅవుట్‌లో డెలివరీ బైకులు తిరుగుతాయి, పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు. ట్రాక్ మీద వెనక నుంచి మనకన్నా వేగంగా వచ్చేవాడు కనిపించి తీరాలి. మన దేశంలో మిర్రర్ ఎలా ఉండాలో ఏఐఎస్-001, ఎలా అమర్చాలో ఏఐఎస్-002 అనే వాహన ప్రమాణాలు చెప్తాయి. అంతర్జాతీయంగా ఐక్యరాజ్యసమితి 46వ రెగ్యులేషన్ ఉంది. కింద నేను వాడిన హద్దులు ఈ 46వ రెగ్యులేషన్‌లోవి.

వచ్చినప్పుడు ఎలా ఉంది

సెవెన్‌కి అసలైన తలుపులుండవు. గుడ్డ, ప్లాస్టిక్ కిటికీ కలిపి కుట్టిన సైడ్ స్క్రీన్లు ముందు అద్దం పక్క పోస్టులకి తగిలించి ఉంటాయి. మొదట మిర్రర్లు వాటికే పెట్టారు. గాలికి గుడ్డ కొట్టుకుంటే మిర్రరూ దాంతోపాటే కొట్టుకుంది. పైగా ఎండాకాలం సైడ్ స్క్రీన్లు తీసేస్తే మిర్రర్లు ఇంట్లోనే ఉండిపోయేవి. ఆ తర్వాత ముందు అద్దం కింద ఉండే ఫైబర్ ప్యానెల్‌కి రంధ్రం కొట్టి, గుండ్రటి బైక్ మిర్రర్లు పెట్టారు. రాడ్డు 8 మి.మీ. మందం, వంపుతో కలిపి బిగింపు నుంచి మిర్రర్ మధ్య దాకా 220 మి.మీ. పొడవు. తల బరువు 300 గ్రాములు.

"చూడు బాబు, బండి ఆపి ఉంటే అంతా మంచిగనే కనిపిస్తది. స్టార్ట్ చేసిన్నంటే వెనక ఉన్నది ఆటోనా బస్సా తెలుస్తలేదు," అన్నారాయన. ఆయన అనుమానం గాలి మీద. మిర్రర్ చుట్టూ చిన్న తొడుగు చేయించి గాలి పక్కకి మళ్ళిద్దామా అని అడిగారు.

గాలి లెక్క చూద్దాం. 100 మి.మీ. వ్యాసం ఉన్న గుండ్రటి తల మీద గంటకి 100 కిలోమీటర్ల వేగంలో పడే గాలి తోపుడు సుమారు 4 న్యూటన్లు. 400 గ్రాముల బరువు వేలాడదీసినంత, అంతే. అదీగాక బండి నిలబడి ఐడిల్‌లో ఉన్నప్పుడే బొమ్మ చెదురుతోంది, అప్పుడు గాలే లేదు. కాబట్టి తొడుగు ఆలోచన అక్కడికక్కడే పక్కన పెట్టాం.

ఫోన్‌లో సెకనుకి 240 ఫ్రేముల స్లో మోషన్ వీడియో తీసి, ఇంజన్ ఆపి ఉన్నప్పుడు మిర్రర్ తలని వేలితో ఒక్కసారి మీటాం. ఫ్రేము ఫ్రేముగా జరిపి చూస్తే, తల ముందుకి వెళ్ళి వెనక్కి వచ్చి మళ్ళీ మొదటి చోటికి చేరడానికి 8 ఫ్రేములు పట్టింది. అంటే సెకనుకి 30 ఊపులు. ఆ రాడ్డు పొడవు, మందం, తల బరువు పెట్టి కాగితం మీద లెక్కేసినా 30 దగ్గరే వస్తుంది. ఇప్పుడు ఇంజన్ వైపు చూడండి. ఐడిల్ 900 ఆర్‌పీఎం, అంటే సెకనుకి 15 చుట్లు. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో ఒక్కో చుట్టుకి రెండు సిలిండర్లు పేలతాయి, కాబట్టి సెకనుకి 30 తన్నులు. మిర్రర్ ఏ వేగంతో ఊగడానికి ఇష్టపడుతుందో, ఇంజన్ సరిగ్గా అదే వేగంతో దాన్ని తోస్తోంది. ఉయ్యాలని సరైన అదనులో తోస్తూ పోతే ఏమవుతుందో అదే ఇక్కడా అయింది.

ఈ వణుకు ఎంత చిన్నదైనా తక్కువ అంచనా వేయకూడదు. అద్దం ఎంత కోణం తిరిగితే అందులోని బొమ్మ దానికి రెట్టింపు తిరుగుతుంది. అద్దం 0.1 డిగ్రీ వణికితే 10 మీటర్ల వెనక ఉన్న వస్తువు మూడున్నర సెంటీమీటర్లు అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుంది. మన కార్ల నంబర్ ప్లేట్ మీద అక్షరం ఎత్తు 65 మి.మీ. అంటే అక్షరంలో సగం కంటే ఎక్కువ చెదిరిపోతుంది. అందుకే మా పరీక్ష కూడా నంబర్ ప్లేట్‌తోనే పెట్టుకున్నాం: 10 మీటర్ల వెనక కారు నిలిపి, అక్షరాలు తిరగబడి కనిపించినా సరే, మిర్రర్‌లో చదవగలగాలి.

ఇంకో సంగతి ప్యానెల్ లోపల చెయ్యి పెట్టి చూస్తే తెలిసింది. రంధ్రం చుట్టూ జెల్‌కోట్‌లో, అంటే ఫైబర్ మీది నున్నటి పైపొరలో, సన్నటి పగుళ్ళు నక్షత్రంలా నాలుగు వైపులా పాకాయి. ప్యానెల్ మందం 3 మి.మీ., వెనక పట్టీ లేదు, మామూలు వాషర్ ఒక్కటే. చాప్డ్ స్ట్రాండ్ మ్యాట్‌తో (గాజు పోగుల ముక్కల చాపతో) పరిచిన ఫైబర్ బిగువు ఉక్కులో ఇరవయ్యో వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. దాని మీద ఎంత మంచి మిర్రర్ పెట్టినా అడుగు కదులుతూనే ఉంటుంది. ఫైబర్ బాడీ రెప్లికాలన్నిటిలో నేను చూసే జబ్బు ఇదే. మిర్రర్ మార్చి మార్చి విసిగిపోతారు, దాన్ని పట్టుకున్న ప్యానెల్ జోలికి పోరు.

కన్ను ఎక్కడుంది

ఓనర్‌ని రోజూ కూర్చునేలా కూర్చోబెట్టాం. బెల్టు పెట్టించి, బూట్లు కూడా వేయించాం, ఎందుకంటే పెడల్ మీద మడమ ఎత్తు మారినా నడుము జరుగుతుంది. కళ్ళ మధ్య బిందువు నేల నుంచి 1000 మి.మీ. ఎత్తులో, బండి మధ్య గీత నుంచి 260 మి.మీ. కుడికి వచ్చింది. మామూలు హ్యాచ్‌బ్యాక్ డ్రైవర్ కన్ను ఇంతకన్నా బాగా పైన ఉంటుంది. సెవెన్‌లో మనిషి దాదాపు నేల మీదే కూర్చుంటాడు, ఆయన మాటల్లో చెప్పాలంటే "ఆటో టైరు నా భుజం దగ్గర".

మిర్రర్ పెట్టగలిగిన గట్టి చోటు ముందు అద్దం పక్క పోస్టు ఒక్కటే. 8 మి.మీ. అల్యూమినియం ప్లేటుతో చేసి, కింద స్టీల్ ఫ్రేమ్‌కి బోల్టులతో బిగించి ఉంది. సైడ్ స్క్రీన్ తీసినా ఇది బండి మీదే ఉంటుంది. పోస్టు నుంచి పొట్టి చెయ్యి (మిర్రర్‌ని పట్టుకునే రాడ్డు) ఇస్తే మిర్రర్ మధ్య బిందువు బండి మధ్య గీత నుంచి 650 మి.మీ. దగ్గర, కంటికి 500 మి.మీ. ముందు పడుతుంది. వెనక మడ్‌గార్డుల అంచు 790 దాకా ఉంది కాబట్టి మిర్రర్ మొత్తం బండి వెడల్పు లోపలే ఉండిపోతుంది. బయటికి 250 మి.మీ. దాటి పొడుచుకు రాకూడదన్న నియమంతో మాకు పనే పడలేదు.

ఇక్కడ ఓనరుకీ నాకూ వాదన నడిచింది. వెనక మడ్‌గార్డు అడ్డొస్తోంది కాబట్టి మిర్రర్‌ని ఇంకా పక్కకి, 800 దాకా జరపాలని ఆయన పట్టు. అలా చేస్తే చెయ్యి పొడవు రెట్టింపు దాటుతుంది. పొడవు రెట్టింపైతే బిగువు ఎనిమిదో వంతుకి పడిపోతుంది. అంటే మళ్ళీ వణుకు దగ్గరికే వస్తాం.

దారి పక్కకి లేదు, పైకి ఉంది. మడ్‌గార్డు పైఅంచు నేల నుంచి 700 మి.మీ., మిర్రర్‌కి 900 మి.మీ. వెనక. నియమం ప్రకారం డ్రైవర్ కంటికి 4 మీటర్ల వెనక నుంచే బండి పక్కన ఒక మీటరు వెడల్పు నేల కనిపించాలి. మిర్రర్ నుంచి లెక్కేస్తే అది 4.5 మీటర్ల పైచిలుకు. మిర్రర్ మధ్య 860 మి.మీ. ఎత్తులో ఉంటే ఆ నేలకి వెళ్ళే చూపు గీత మడ్‌గార్డు దగ్గరికి వచ్చేసరికి 690కి దిగుతుంది, అంటే మడ్‌గార్డుకి గుద్దుకుంటుంది. మిర్రర్‌ని 920కి లేపితే అదే గీత 738 దగ్గర దాటిపోతుంది. 60 మి.మీ. పైకి లేపినందుకు మడ్‌గార్డు అడ్డం తొలగింది, చెయ్యి పొట్టిగానే ఉండిపోయింది. నేల మీద సుద్దతో గీసి, మిర్రర్ చోటు నుంచి దారం లాగి చూపించాక ఆయన ఇంకేమీ అనలేదు. దారం మడ్‌గార్డు మీద నుంచి రెండు వేళ్ళ సందుతో వెళ్ళింది. ఆయన వంగి ఆ సందులో వేళ్ళు పెట్టి చూసుకున్నారు.

920 అంటే ఇంకా కంటికన్నా 80 మి.మీ. కిందే, కాబట్టి ముందు రోడ్డుకి అడ్డు రాదు. కుడి మిర్రర్ చూడటానికి కన్ను తిప్పాల్సిన కోణం 38 డిగ్రీలు. డ్రైవర్ వైపు మిర్రర్‌కి నియమం ఇచ్చే పరిమితి 55. ఎడమ మిర్రర్ 61 డిగ్రీల దగ్గర పడింది. దానికి తల కొంచెం తిప్పక తప్పదు. ఇంత ఇరుకు కారులో మిర్రర్‌ని ఇంకా ముందుకి జరపడానికి పోస్టు లేదు.

గాజు

ఓనరు కోరిక 3 అంగుళాల చిన్న గుండ్రటి మిర్రర్లు, అందులోనూ చదునైన గాజు. పాత ఫొటోల్లో అలాగే ఉంటాయి, నిజమే. రెండింటికీ నేను ఒప్పుకోలేదు.

ముందు సైజు. కార్ల బయటి మిర్రర్‌కి నియమం చెప్పే లెక్క ప్రకారం, వంపు వ్యాసార్ధం (ఇది తగ్గేకొద్దీ వంపు ఎక్కువ) 1200 మి.మీ. ఉంటే గాజులో 71 మి.మీ. వెడల్పు, 40 మి.మీ. ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం పట్టాలి, 70 మి.మీ. నిలువు గీత కూడా పట్టాలి. ఆ దీర్ఘచతురస్రం కర్ణం దాదాపు 82 మి.మీ. 3 అంగుళాలంటే 76, అందులో పట్టదు. 4 అంగుళాల గాజులో, అంటే సుమారు 100 మి.మీ.లో, హాయిగా పడుతుంది. ఇంకా పెద్దది ఈ సన్నటి బండికి నప్పదు.

ఆ తర్వాత వంపు. 100 మి.మీ. చదును గాజు కుడివైపు, కంటి నుంచి 640 మి.మీ. దూరంలో సుమారు ఎనిమిదిన్నర డిగ్రీలే చూపిస్తుంది. 20 మీటర్ల వెనక అది 3 మీటర్ల వెడల్పు. ఎడమవైపు కన్ను మీటరు దూరంలో ఉంది, గాజు కూడా ఎక్కువ వాలుగా కూర్చుంటుంది, అక్కడ 5 డిగ్రీలు కూడా రావు. 20 మీటర్ల వెనక 1.7 మీటర్లు, అంటే ఒక కారు వెడల్పంత. 20 మీటర్ల వెనక 4 మీటర్ల వెడల్పు కనిపించాలని నియమం. 1200 వ్యాసార్ధం కాన్వెక్స్ గాజు, అంటే బయటికి ఉబ్బిన గాజు, పెడితే కుడివైపు 18 డిగ్రీలు, ఎడమవైపు 14 డిగ్రీలు వస్తాయి. 20 మీటర్ల వెనక 6 మీటర్ల పైన, 5 మీటర్లు. రెండు వైపులా నియమం దాటింది. మన దగ్గర ఎడమ సందులోంచి బైకు దూరడం రోజూ చూసేదే. ఆ వైపు 5 డిగ్రీల మిర్రర్ పెట్టుకుని ఏ బండీ నడపకూడదని నా గట్టి అభిప్రాయం.

కాన్వెక్స్‌కి చెల్లించే ధర ఒకటుంది, అది డ్రైవర్‌కి తెలిసుండాలి. చదును అద్దంలో కనిపించేదానితో పోలిస్తే 20 మీటర్ల వెనక ఉన్న బండి కుడి మిర్రర్‌లో సగం సైజులో, ఎడమ మిర్రర్‌లో మూడో వంతుకి కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మెదడు చిన్నదాన్ని దూరంగా ఉందనుకుంటుంది. అందుకే వ్యాసార్ధం 1200 కన్నా తగ్గి వంపు పెరగడాన్ని ఈ తరగతి మిర్రర్లకి ఒప్పుకోరు. బజారులో దొరికే గుండ్రటి స్టిక్కర్ అద్దాల వంపు దీనికి చాలా రెట్లు ఎక్కువ. వాటిలో ఏదో ఉందని తెలుస్తుంది కానీ ఎంత దూరంలో ఉందో చెప్పలేం.

రాత్రిపూట ఒక లాభం అనుకోకుండా కలిసొచ్చింది. నేల నుంచి 920 మి.మీ. ఎత్తంటే బైకులు, ఆటోల హెడ్‌లైట్లు నేరుగా పడే ఎత్తు. కాన్వెక్స్ గాజు వెలుగుని చెదరగొడుతుంది కాబట్టి దూరపు హెడ్‌లైట్ నుంచి కంట్లో పడేది చదును అద్దంలో పడేదాంట్లో కుడివైపు నాలుగో వంతే. వెలుగు కళ్ళలో కొట్టకుండా నీలం గాజు కొందామని అనుకున్నది మానేశాం.

గాజు ఎలా ఎంచుకున్నామో వివరంగా చెప్పాలి, ఎందుకంటే వంపు వ్యాసార్ధం చాలా గాజుల మీద రాసి ఉండదు, దుకాణంలో అడిగినా చెప్పలేరు. కొలవడం తేలిక. సరళమైన స్టీల్ స్కేలుని గాజు మీద మధ్యలో ఆనించి, రెండు చివర్లా సందు సమానంగా ఉండేలా పట్టుకోవాలి. 100 మి.మీ. గాజుకి చివర సందులో 1.04 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) దూరితే వ్యాసార్ధం 1200. సందు 0.63 ఉంటే 2000. ఒకటిన్నర దాటితే 800కి దగ్గర, అది వదిలేయాలి. స్కేలుని గాజు మీద తిప్పి అడ్డంగా, నిలువుగా, ఐమూలగా మూడు దిక్కుల్లో కొలవాలి. తేడా వస్తే గాజు ఒకవైపు ఎక్కువ వంగిందన్నమాట. చివరిగా కిటికీ గ్రిల్‌కి ఎదురుగా పట్టుకుని చూడాలి. గ్రిల్ కడ్డీలు అంచుల దగ్గర సాఫీగా వంగితే మంచిదే, మధ్యలో ఎక్కడైనా అల లాగా మెలిక కనిపిస్తే ఆ గాజు పనికిరాదు. రాణిగంజ్‌లో గుట్టగా ఉన్న గాజుల్లోంచి ఇలా ఒక్కొక్కటే ఏరి, రెండు ఒకేలాంటివి తీసుకున్నాం. అవి దీర్ఘచతురస్రం గాజులు. వాటిని 100 మి.మీ. గుండ్రంగా కోయించి, అంచు నీటిరాయి మీద అరగదీయించాం.

ఒరిజినల్ మిర్రర్ కాదన్న బెంగ ఓనర్‌కి ఇంకా ఉండింది. జాగ్వార్ ఎక్స్‌జే220 మీద ఉన్నవి సిట్రోయెన్ సీఎక్స్ మిర్రర్లని చెప్పాను. తన కాలంలో అంత ఖరీదైన సూపర్‌కారే ఫ్యామిలీ కారు మిర్రర్లు పెట్టుకుంది. ఆ మాట ఆయనకి బాగా నచ్చింది, వచ్చినవాళ్ళందరికీ చెప్తున్నారు.

చెయ్యి, బిగింపు

చెయ్యి 6061 రకం అల్యూమినియం రాడ్డు, 16 మి.మీ. మందం, 110 మి.మీ. పొడవు. బాలానగర్‌లో లేత్ మీద తిప్పించాను. "గింత చిన్న అద్దానికి గంత లావు రాడ్ ఎందుకన్నా?" అన్నాడు లేత్ కుర్రాడు. రాడ్డు బిగువు మందం నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది, మందం రెట్టింపైతే బిగువు పదహారు రెట్లు. ఉక్కు కన్నా అల్యూమినియం మూడు రెట్లు మెత్తనైనా, మందం, పొట్టి పొడవు కలిసి దాన్ని మించిపోతాయి. పాత రాడ్డుని, కొత్త రాడ్డుని బెంచ్ వైస్‌లో పక్కపక్కన బిగించి చివర్లు నొక్కమన్నాను. పాతది బొటనవేలికి వంగింది, కొత్తదాన్ని రెండు చేతులతో నొక్కినా కదల్లేదు.

తల కూడా అదే అల్యూమినియంతో పలచగా తిప్పిన గిన్నె, గాజుతో కలిపి 250 గ్రాములు. గిన్నె అంచుని 2.5 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేయించాం. మనిషికి తగిలే మిర్రర్ భాగమేదీ అంతకన్నా పదునుగా ఉండకూడదని నియమం, ఈ మిర్రర్ సరిగ్గా నడిచే పిల్లవాడి తల ఎత్తులో ఉంది. ఇదే కారణంతో చెయ్యిని పోస్టుకి కదలకుండా బిగించలేదు. అడుగున రెండు చక్రాలు, ఒకదాని పల్లంలో ఇంకోదాని గట్టు కూర్చుంటాయి, మధ్యలో బోల్టు, దాని కింద డిష్ వాషర్లు. మామూలుగా కదలదు. గట్టిగా తగిలితే గట్టు పల్లంలోంచి జారి, మిర్రర్ వెనక్కి ముడుచుకుంటుంది. ఎంత గట్టిగా తగిలితే ముడుచుకోవాలో లగేజీ తూకంతో పెట్టాం. తూకం కొక్కెం తల అంచుకి తగిలించి మెల్లగా లాగుతూ, 7 కిలోల దగ్గర టక్కుమని జారేదాకా బోల్టుని పావు చుట్టు చొప్పున సర్దాం. గాలి తోపుడు అరకిలో కూడా లేదు కాబట్టి మధ్యలో చాలా ఎడం ఉంది.

పోస్టుకి పాతగా ఒకే బోల్టు రంధ్రం ఉండేది. ఒక బోల్టు మీద ఏ మిర్రరైనా ఏదో ఒకరోజు తిరుగుతుంది. 40 మి.మీ. ఎడంతో రెండు ఎం6 స్టెయిన్‌లెస్ బోల్టులు, వెనక 5 మి.మీ. పట్టీ, నైలాక్ నట్లు (వణుకుకి వదులు కానివి) పెట్టాం. స్టెయిన్‌లెస్ అల్యూమినియంని తాకేచోట వాననీరు చేరితే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినేయబడుతుంది. అందుకే బోల్టు ఒంటికి యాంటీ సీజ్ పేస్టు, తల కింద నైలాన్ వాషర్.

పాత ఫైబర్ ప్యానెల్‌కి మరమ్మతు మామూలే. పగుళ్ళు అడుగుదాకా అరగదీసి, రంధ్రం చుట్టూ వెడల్పుగా వాలు చేసి, లోపలి నుంచి 450 గ్రాముల మ్యాట్ మూడు పొరలు పరిచాం. ఒక్కో పొర సుమారు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది. ఎండాకాలంలో చేసేవాళ్ళు హార్డెనర్‌ని ఒక శాతం దగ్గరే ఉంచి, తెల్లవారుజామున పని పెట్టుకోవాలి. 40 డిగ్రీల మధ్యాహ్నం రెండు శాతం కలిపితే బ్రష్ తడిపేలోగానే డబ్బాలో రెసిన్ గడ్డకడుతుంది, వేడికి పొగ కూడా వస్తుంది.

ఫలితం

ఇంజన్ ఆపి మళ్ళీ మీటి, అదే 240 ఫ్రేముల వీడియో తీశాం. కాగితం మీద చెయ్యి ఒక్కదాని లెక్క 225 హెర్ట్జ్, అంటే సెకనుకి 225 ఊపులు, చూపిస్తుంది. వీడియోలో వచ్చింది మూడున్నర ఫ్రేములకి ఒక ఊపు, అంటే 70కి దగ్గర. ఆ తేడా పోస్టుది. చెయ్యి ఎంత గట్టిదైనా, పోస్టూ ముందు అద్దం ఫ్రేమూ కలిసి ఊగే వేగమే చివరికి మిగులుతుంది. మిర్రర్ గట్టిగా ఉందో లేదో బెంచ్ మీద కాక బండి మీదే కొలవాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

70 హెర్ట్జ్ అంటే ఇంజన్ 2100 ఆర్‌పీఎం దగ్గర తగిలే వేగం. ఐడిల్‌లో బొమ్మ నిలకడగా ఉంది, 10 మీటర్ల వెనక నంబర్ ప్లేట్ రెండు మిర్రర్లలోనూ చదవగలిగాం. 3000లో, 4000లో కూడా చదవగలిగాం. 2100 చుట్టుపక్కల మాత్రం అక్షరాల అంచులు కాస్త మసకబారతాయి. ఊపు వేగం పెరిగేకొద్దీ అదే తన్నుకి కదిలే దూరం బాగా తగ్గుతుంది కాబట్టి, పాత ఐడిల్ వణుకుతో దీనికి పోలికే లేదు, బండి ఏదో, ఎంత దూరంలో ఉందో స్పష్టంగా తెలుస్తుంది. పోస్టు నుంచి డాష్‌బోర్డ్ వెనక ఫ్రేమ్‌కి ఒక సన్నటి ఊత కడ్డీ ఇస్తే ఇది కూడా పైకి జరుగుతుంది. ఓనరుకి అది కంటికి నచ్చలేదు. నడుస్తున్న బండి 2100లో ఎక్కువసేపు నిలబడదు కాబట్టి నేనూ బలవంతం చేయలేదు.

చూపు పరీక్ష లేఅవుట్ రోడ్డు మీద చేశాం. కంటికి 4 మీటర్ల వెనక, 20 మీటర్ల వెనక సుద్ద గీతలు గీసి, ఒక్కో గీత మీద రెండేసి ప్లాస్టిక్ కోన్లు పెట్టాం: ఒకటి బండి పక్క అంచు వరసలో, రెండోది దాన్నుంచి 4 మీటర్ల గీత మీద ఒక మీటరు, 20 మీటర్ల గీత మీద నాలుగు మీటర్ల దగ్గర. ఓనరు సీట్లో కూర్చుని, తలని తిప్పడం తప్ప పక్కకి జరపకుండా, ఏ కోను కనిపిస్తోందో చెప్తుంటే నేను రాసుకున్నాను. కుడివైపు అన్నీ కనిపించాయి. ఎడమవైపు 20 మీటర్ల కోన్లు రెండూ మిర్రర్‌లో పట్టేలా సర్దితే, 4 మీటర్ల దగ్గర బయటి కోను గాజు అంచున సగమే కనిపించింది. ఎడమ మిర్రర్‌ని ఒక్క వెంట్రుకవాసి బయటికి తిప్పి, రెండూ కనిపించే చోట ఆపి, బాల్ జాయింట్ అలెన్ బోల్టులు బిగించి, వాటి మీద పెయింట్ మార్కరుతో గీత గీశాం. ఆ గీత జరిగితే సెట్టింగ్ జరిగినట్టే. ఆ తర్వాత ఒక కుర్రాడిని బైకు మీద ఎడమవైపు మెల్లగా దాటమన్నాం. మిర్రర్‌లోంచి మాయమయ్యేసరికి బైకు ముందు చక్రం ఓనరు కంటికొసకి అందింది. మధ్యలో ఖాళీ లేదు. బైకు బాగా దూరంగా, రోడ్డు అవతలి అంచున వెళ్తే మాత్రం కాసేపు కనబడదు, దానికి భుజం మీదుగా చూడాల్సిందే.

బండి అప్పజెప్పేటప్పుడు ఓనరుకి చెప్పినవి: మొదటి కొన్ని ప్రయాణాల తర్వాత పోస్టు బోల్టులు మళ్ళీ బిగించి చూడాలి, ఎందుకంటే నైలాన్ వాషర్ కొంచెం కుదించుకుంటుంది. మడత జాయింట్‌ని నెలకోసారి చేత్తో ముడిచి తెరవాలి, లేకపోతే దుమ్ము చేరి పట్టేస్తుంది. ఎడమ మిర్రర్‌లో చూసి లైను మారేముందు లోపలి మిర్రర్‌లో దూరం సరిచూసుకోవాలి. ఆ లోపలి మిర్రర్‌లో ఇప్పుడు సగం రోల్‌బారే (బండి తిరగబడితే తలని కాపాడే పైపు) కనిపిస్తోంది. దాన్ని డాష్‌బోర్డ్ మీద నుంచి ముందు అద్దం పైఅంచుకి మార్చడం, కొత్త చెయ్యి ఇమిడేలా సైడ్ స్క్రీన్ గుడ్డలో గాటు తీసి అంచు కుట్టించడం మిగిలి ఉన్నాయి. రెండూ వానలు మొదలయ్యేలోపు చేయాలని అనుకున్నాం.